మూర్ వేదాంత కళాశాల: ఇంటివద్దనే పరిచర్య విద్య

ఎడ్మండ్‌సన్ పార్క్‌కు పొరుగున ఉన్న లివర్‌పూల్‌లో 1856లో ఆంగ్లికన్ సంఘమువారి మూర్ వేదాంత కళాశాల ప్రారంభమైనది. 1840లో మరణించిన పడవల నిర్మాత థామస్ మూర్ సంఘమునకు వదలిన ఆస్తియే దానికి ఆధారము. 1891లో అది న్యూటౌన్‌కు తరలినది.

గురువులను తయారుచేయుటయే గాక, సామాన్య విశ్వాసులకొరకు ప్రిలిమినరీ థియోలాజికల్ సర్టిఫికెట్ అను చదువును ఈ కళాశాల నడుపుచున్నది. పూర్వము పాఠములు తపాలాలో వచ్చెడివి. నేడు ఆన్‌లైన్‌లో లభించుచున్నవి. ఉద్యోగము మానకుండ, ఒక్కొక్క విషయము చదివి పరీక్ష వ్రాయవచ్చును. సేవలోనున్న గురువులు సైతము తీరిక వేళల ఎం.ఏ. చదువవచ్చును.

ఈ సంగతి ఇచట వ్రాయుటకు కారణము కలదు. 1903 మొదలు మద్రాసు రేవునుండి గిర్మిట్‌పై ఫిజీ చెరకు తోటలకు వెళ్లిన మన తెలుగు పెద్దలు పూజావిధులను, భజనలను ఎక్కువగా నోటిపాఠముగనే కాపాడిరి. ఆ పాఠము చెప్పగలవారు ఏటేటా తగ్గుచున్నారు. మన విశ్వాసము వేరు, మన విధులు వేరు. అయినను వారి పద్ధతి గ్రహింపదగినది. గృహస్థులకు క్రమమైన పాఠము, పరీక్ష, పిదప దేవాలయములో సేవ: ఇట్టి ఏర్పాటు మనకును కావలెనని, పెద్దలు ఉండగనే ఆరంభింపవలెనని మేము భావించుచున్నాము.