ముఖచిత్రం - మొక్కుబడి ప్రాతినిధ్యం: తూర్పు కనుమల ఆదివాసీ బొమ్మ వెనక చరిత్ర

ప్రాతినిధ్యం అనే మాటని మనం రెండర్థాల్లో వాడుతున్నాం. ఒకళ్ల తరఫున నిలబడి మాట్లాడ్డం మొదటిది. ఒకళ్ల రూపాన్ని పదిమందికీ చూపించడం రెండోది. మొదటి అర్థం కోసం దళితులు, ఆదివాసీలు వందేళ్లుగా కొట్లాడుతున్నారు. అగ్రకులాల చేతుల్లో ఉన్న పత్రికలు, ప్రభుత్వ ప్రచార శాఖలు మాత్రం రెండో దాన్నే ధారాళంగా పంచిపెడుతూ వచ్చాయి. అరకు పోస్టరు మీద ధింసా ఆడే అమ్మాయిలుంటారు. క్యాలెండరు మీద ముక్కుకి మూడు పుడకలు పెట్టుకున్న ముసలమ్మ ఉంటుంది. 'మీకు ముఖచిత్రమే ఇచ్చాం గదా, ఇంకేం కావాలి' అన్నట్టుంటుంది వ్యవహారం. అట్ట మీదికి ముఖం ఎక్కినంత మాత్రాన మనిషి ఎక్కినట్టేనా? ఈ ప్రశ్నని అరకు, పాడేరు కొండల నుంచి ఒడిశాలోని నియమగిరి దాకా ఉన్న తూర్పు కనుమల చరిత్రలో పెట్టి చూడాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం.

కొలతబద్ద, కెమెరా

కొండజనం బొమ్మలుగా మారడం పర్యాటక శాఖతో మొదలవలేదు. 1857 తిరుగుబాటుని అణిచేశాక, తాము ఏలుతున్న జనం ఎవరో తెలుసుకోవాల్సిన అవసరం బ్రిటిష్ ప్రభుత్వానికి వచ్చింది. 1868 నుంచి 1875 దాకా ఎనిమిది సంపుటాలుగా వెలువడిన 'ద పీపుల్ ఆఫ్ ఇండియా' ఆ అవసరంలోంచి పుట్టిందే. నాలుగు వందలకి పైగా ఫొటోలున్నాయందులో. చాలా ఫొటోల కింద ఉన్నది కులం పేరో తెగ పేరో తప్ప మనిషి పేరు కాదు.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ పనిని ఎడ్గార్ థర్‌స్టన్ నెత్తికెత్తుకున్నాడు. 1885 నుంచి 1908 దాకా మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా ఉన్న ఈయన జనం తలల చుట్టూ, ముక్కుల మీదా కొలతలు తీసుకుంటూ తిరిగాడు. కె. రంగాచారితో కలిసి 1909లో ఏడు సంపుటాల 'కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా' తెచ్చాడు. అందులో గదబల గురించి చదివితే ఆడవాళ్లు కట్టుకునే నారబట్ట గురించీ, పెట్టుకునే నగల గురించీ వివరంగా ఉంటుంది. ఆ నార తీసేది, రంగులద్దేది, చారల బట్టగా నేసేది గదబ స్త్రీలే. చీరాలలో మగ్గం మీద కూర్చుంటే నేతకారుడంటారు, అది వృత్తి. కొండమీద అదే పని చేసిన మనిషికి మిగిలింది 'వింత వేషం' అన్న పేరు. ఉత్పత్తి చేసే చెయ్యి కనబడకుండా పోయి, చూడ్డానికి పనికొచ్చే ఒళ్లు మాత్రమే మిగలడం అక్కడ మొదలైంది.

అందాల పత్రికల అట్ట

ఎవరి ముక్కు చూపించదగింది, ఎవరి రంగు చూపించదగింది అనే ఈ లెక్క పాశ్చాత్య దేశాల్లో ఫ్యాషన్ పత్రికల అట్టలమీద కూడా సాగింది. అమెరికాలో 'వోగ్' పత్రిక 1892లో పుట్టింది. దాని అట్ట మీదికి బెవర్లీ జాన్సన్ అనే నల్ల మోడల్ రావడానికి 1974 ఆగస్టు దాకా, అంటే ఎనభై రెండేళ్లు పట్టింది. అంతకుముందు 1966 మార్చిలో బ్రిటిష్ 'వోగ్' డొన్యేల్ లూనాని అట్ట మీద వేసింది. ఆ ఫొటోలో ఆమె చెయ్యి ముక్కునీ పెదాలనీ కప్పేసి ఉంటుంది, కన్ను మాత్రం కనిపిస్తుంది. అలా తియ్యడానికి కారణం ఏదైనా కానీ, ఫలితం ఒకటే. నల్ల మనిషిని వేశామన్న పేరూ వచ్చింది, నల్ల ముఖం పూర్తిగా చూపించకుండానూ గడిచిపోయింది.

దీన్నే ఇంగ్లీషు వాళ్లు టోకెనిజం అంటారు. మన భాషలో మొక్కుబడి ప్రాతినిధ్యం అనొచ్చు. ఒక్కళ్లని లోపలికి తెచ్చి, మిగతావాళ్లని రానివ్వలేదన్న మాట వచ్చినప్పుడల్లా ఆ ఒక్కళ్లనే సాక్ష్యంగా నిలబెట్టడం దాని పద్ధతి. 2008 జులైలో ఇటలీ 'వోగ్' మొత్తం నల్ల మోడళ్లతో ఒక సంచిక తెచ్చింది. కాపీలు చాలక ఇంకో 40 వేలు అచ్చెయ్యాల్సి వచ్చింది. నల్ల ముఖం వేస్తే పత్రిక అమ్ముడుపోదన్న వాదం దాంతో తేలిపోయింది. అయినా అదే సంచికలో డబ్బులిచ్చిన కంపెనీల ప్రకటనల్లో ఎక్కువమంది తెల్లవాళ్లే.

మన దేశానికొస్తే 'వోగ్ ఇండియా' తొలి సంచిక 2007 అక్టోబరులో వచ్చింది. భారతీయ స్త్రీ కోసం అని చెప్పుకున్న పత్రిక అట్ట మీద ప్రియాంకా చోప్రా, బిపాసా బసులతో పాటు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన తెల్ల మోడల్ జెమ్మా వార్డ్ ఉంది. ఏడాది తిరక్కుండా, 2008 ఆగస్టులో, అదే పత్రిక లోపలి పేజీల్లో పేదవాళ్లు కనిపించారు. ఒక పసిబిడ్డ మెడకి ఫెండి కంపెనీ గుడ్డ, వెల వంద డాలర్లు. ఒక మనిషి చేతిలో బర్బెరీ గొడుగు, రెండు వందల డాలర్లు. మోటారు సైకిలు మీద పోతున్న కుటుంబం చేతిలో హెర్మెస్ సంచి, పదివేల డాలర్ల పైమాట. ప్రతి వస్తువుకీ పేరు వేశారు. మనుషులకి వెయ్యలేదు. దేశంలోనూ బయటా విమర్శలు వస్తే పత్రిక వెనక్కి తగ్గలేదు సరిగదా, ఫ్యాషన్ ఇప్పుడు అందరిదీ అని సమర్థించుకుంది. థర్‌స్టన్ పుస్తకానికీ ఈ సంచికకీ మధ్య తొంభై తొమ్మిదేళ్లు. థర్‌స్టన్ కనీసం తెగ పేరు వేశాడు. వీళ్లు గొడుగు పేరు వేశారు!

చరిత్ర అట్ట మీద ఎవరు?

ముఖచిత్రం పత్రికలకే కాదు, చరిత్రకీ ఉంటుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడితో మొదలై 1924 దాకా సాగిన మన్యం ఫితూరీని తీసుకుందాం. అడవి చట్టాలు, వెట్టిచాకిరీ, ముఠాదార్ల హక్కులు ఊడబెరకడం, రోడ్డు పనుల్లో కూలి ఎగ్గొట్టడం దాని కారణాలు. ఆ బాధలు పడ్డది కొండజనం. పోరాడింది కొండజనం. అట్ట మీద ముఖం మాత్రం మైదానం నుంచి వచ్చిన క్షత్రియుడిది. అల్లూరి సీతారామరాజు త్యాగాన్ని తక్కువ చెయ్యాలని కాదు నా ఉద్దేశం. 1974లో సినిమా, 1986లో తపాలా బిళ్ల, 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఏర్పడ్డ జిల్లాకి పేరు, అదే ఏడాది జులైలో భీమవరంలో ప్రధాని ఆవిష్కరించిన విగ్రహం, అన్నీ ఆ ఒక్క ముఖానికే ఎందుకు దక్కాయన్నది ప్రశ్న.

గాం గంటందొర 1924 జూన్‌లో, రాజు చనిపోయిన నెలకి, కాల్పుల్లో చనిపోయాడు. తమ్ముడు గాం మల్లుదొరకి ఉరిశిక్ష పడి, ద్వీపాంతర శిక్షగా మారింది. ఏళ్ల తరబడి శిక్ష అనుభవించి వచ్చిన మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. ఫితూరీలో విల్లు పట్టిన ఆదివాసీ స్వతంత్ర భారత పార్లమెంటులో కూర్చున్నాడన్న మాట మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? సినిమాలో కొండజనం గుంపుగా ఉంటారు, డప్పు కొడతారు, కథానాయకుడి వెనక నడుస్తారు. ఫ్యాషన్ ఫొటోలో తెల్ల మోడల్ వెనక స్థానికుల్ని నిలబెట్టినట్టే ఇదీను.

అరకులో అమ్ముడయ్యే వేషం

ఈ నేపథ్యంలోంచి ఇప్పటి అరకుని చూడాలి. 1996లో అక్కడ గిరిజన మ్యూజియం పెట్టారు. నేసేవాళ్లు, వేటాడేవాళ్లు, ధింసా ఆడేవాళ్లు నిలువెత్తు బొమ్మలుగా అందులో ఉన్నారు. గోడకి అటువైపు బతికున్న మనుషులు పసుపో, అల్లమో, సీతాఫలాలో తట్టలో పెట్టుకుని సంతకి పోతుంటారు. వాళ్లని ఎవరూ ఫొటో తియ్యరు. ఎందుకంటే వాళ్లు అందర్లాగే నైలాను చీర కట్టుకుని ఉంటారు.

ధింసా అసలు ఎప్పుడు ఆడతారు? పెళ్లిళ్లప్పుడు, చైత్రంలో ఇటుకల పండగప్పుడు. ఒకరి వీపు మీదుగా ఒకరు చేతులు పెనవేసుకుని, మోరీ, తుడుము, డప్పుల మోతకి వరసగా అడుగులేస్తారు. ఆ వరసలో ముందు మనిషి, వెనక మనిషి అని లేదు. ఒక్కళ్లని ఏరి అట్ట మీద పెట్టడానికి పనికిరాని ఆట అది. ఆ ఆటని ముందు మంత్రిగారి స్వాగతానికి తెచ్చారు, తర్వాత రిసార్టు ఆవరణలోకి తెచ్చారు. పర్యాటకులకి కావాల్సినప్పుడే పండగ.

ఈ చూపు కొండల మీద కూడా ఒక వర్ణక్రమాన్ని తయారు చేసింది. గదబ, పోర్జ, కోదు ఆడవాళ్లు 'అసలైన గిరిజనులు', ఎందుకంటే నగలున్నాయి, పచ్చబొట్లున్నాయి. అదే కొండల్లో బతికే వాల్మీకులు, వాళ్లలో చాలామంది క్రైస్తవులు, చిన్న వ్యాపారాలు చేసుకుంటారు, బడిపంతుళ్లవుతారు. వాళ్లు ఫొటోకి పనికిరారు. చదువుకున్న ఆదివాసీ, ప్యాంటు వేసుకున్న ఆదివాసీ, అర్జీ రాసే ఆదివాసీ ముఖచిత్రంలో ఇమడడు. దళితుల సంగతీ అంతే గదా. ఏడుస్తున్న దళిత స్త్రీ ఫొటో మొదటి పేజీకి ఎక్కుతుంది. రాసే దళితుడికి ఆ పేజీలో చోటుండదు. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే పాత్రికేయుడు ఢిల్లీలో ప్రభుత్వ గుర్తింపు ఉన్న 686 మంది విలేఖరుల జాబితా ముందేసుకుని వెతికితే ఒక్క దళితుడూ దొరకలేదు.

ఇప్పుడు ఇంకో మెట్టు దిగాం. అరకు చుట్టుపక్కల కొండల మీద పొద్దుటి మేఘాలు చూడ్డానికి వచ్చే పర్యాటకులు గిరిజన చీర, పూసలు అద్దెకి తీసుకుని కట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. అద్దెకిచ్చేది ఆదివాసీ స్త్రీలే. ఆ నాలుగు డబ్బులు వాళ్లకి అవసరం, తప్పుపట్టే హక్కు మనకి లేదు. కానీ జరిగిందేమిటో గుర్తుపట్టాలి. థర్‌స్టన్ కాలంలో ముఖం ఉంది, పేరు లేదు. ఇప్పుడు వేషం ఉంది, ముఖం కూడా అక్కర్లేదు.

కాదనే హక్కు

మరి నిజమైన ప్రాతినిధ్యం ఎట్లా ఉంటుంది? అంబేద్కర్ ఈ ప్రశ్నని 1932లోనే వేశాడు. ఎవరి తరఫున మాట్లాడుతున్నాడో వాళ్లే ఎన్నుకోకపోతే ఆ ప్రతినిధి ఎన్నుకున్నవాళ్ల మనిషే అవుతాడన్నది ప్రత్యేక నియోజకవర్గాల వాదంలోని సారం. పూనా ఒప్పందానికి యాభై ఏళ్లు నిండిన 1982లో కాన్షీరాం 'చెంచా యుగం' రాసింది ఇందుకే. పత్రిక అట్టకి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. బొమ్మని ఎంచింది ఎవరు, కింద రాసింది ఎవరు, డబ్బులు ఎవరికి పోయాయి, అన్నిటికన్నా ముఖ్యంగా, బొమ్మలో ఉన్న మనిషి 'వద్దు' అనగలిగిందా?

2019 జనవరి సంచికకి మెక్సికో 'వోగ్' అట్ట మీద యలిట్జా అపారిసియో అనే మూలవాసీ నటిని వేసింది. ఆమె తెగ మిష్టెక్. ఆ భాషలోనే అట్ట మీద ఒక వాక్యం కూడా వేశారు. ఒక్క అట్టతో ఏదో మారిపోయిందని కాదు గానీ, ముఖంతో పాటు పేరు, పేరుతో పాటు భాష వచ్చాయి. మన వారపత్రికలు కువి భాషలోనో గుతోబ్‌లోనో ఒక్క వాక్యం అట్ట మీద వెయ్యడానికి ఏం అడ్డం?

సరుకుల్లోనూ ఈ తేడా ఉంది. అరకు కాఫీ 2017లో పారిస్‌లో దుకాణం తెరిచింది, 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. ఆ గుర్తింపుకి దరఖాస్తు పెట్టింది కాఫీ బోర్డు. నియమగిరి డోంగ్రియా కోదు స్త్రీలు కుట్టే కప్డాగండా శాలువాకి 2024లో గుర్తింపు వచ్చింది. అక్కడ దరఖాస్తు పెట్టింది డోంగ్రియా నేతగాళ్ల సంఘం. పేరు ఎవరిదో హక్కు కూడా వాళ్ల చేతిలోనే ఉండడం అంటే ఇది.

ఆ డోంగ్రియాలే 2013లో ఇంకో పని చేశారు. సుప్రీంకోర్టు చెప్పాక పన్నెండు ఊళ్లలో గ్రామసభలు పెడితే, పన్నెండూ బాక్సైటు తవ్వకాన్ని వద్దన్నాయి. ఇటువైపు బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997లో వచ్చిన తీర్పు, షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకివ్వకూడదంది. బొర్రా గుహలు పోస్టర్ల మీద ఉంటాయి. ఆ తీర్పు ఏ పోస్టరు మీదా ఉండదు. తలకి పూలు పెట్టుకున్న డోంగ్రియా అమ్మాయి క్యాలెండరుకి పనికొస్తుంది. గ్రామసభలో చెయ్యెత్తి వద్దన్న డోంగ్రియా అమ్మాయి పనికిరాదు.

చివరగా మన సంగతి. దళిత పత్రికలూ, విశ్వవిద్యాలయాల్లో మన సంఘాలూ దీనికి అతీతం కాదు. 'ఎస్సీ, ఎస్టీ' అని ఒక్క ఊపిరిలో అంటాం, రెండోది తోకలాగే ఉంటుంది. ప్రత్యేక సంచికకి ధింసా బొమ్మ వేస్తాం, లోపల ఆదివాసీ రాసిన వ్యాసం ఉండదు. అగ్రకుల పత్రికని మనం ఏ ప్రశ్న అడిగామో అదే ప్రశ్న కొండ మీది నుంచి మన వైపు వస్తే తల దించుకోవాల్సిన స్థితి ఉండకూడదు. బొమ్మ వెయ్యాలంటే పేరు వెయ్యాలి. పేరు వేస్తే కలం కూడా ఇవ్వాలి. మా బొమ్మ మీ అట్ట మీద వద్దు అని వాళ్లంటే, ఆ మాటని కూడా అచ్చెయ్యాలి.