వేళ్లతో చూసిన మనిషి

1890 ఆగస్టు 17న, అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని హేగర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో రాల్ఫ్ టీటర్ పుట్టాడు. 2025 ఆగస్టుతో ఆయన పేటెంటు ఒకదానికి 75 ఏళ్లు నిండాయి. మీ కారు స్టీరింగు మీద స్పీడోమీటరు బొమ్మ, దానివైపు చూపే బాణం గుర్తు ఉన్న బటన్ ఉంటే, అది ఆ పేటెంటు సంతానమే. దాన్ని క్రూజ్ కంట్రోల్ అంటాం. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసినా కారు ఒకే వేగంతో సాగిపోయే ఏర్పాటు అది. దాన్ని కనిపెట్టిన టీటర్‌కు ఐదో ఏట చూపు పోయింది.

ఈ సంగతి మొదటిసారి చదివిన దగ్గర్నుంచి కారెక్కిన ప్రతిసారీ నాకు ఆయనే గుర్తొస్తాడు. డ్యాష్‌బోర్డు మీది ప్రతి మీటనూ, ప్రతి స్విచ్చినీ ఆయన వేళ్లు తడిమి చూస్తున్నట్టు ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఆయనకే ఇస్తున్నాను.

ఆయన కథకు ముందు కాస్త వెనక్కి వెళదాం. బండ్ల చరిత్ర వేల ఏళ్లది. కానీ బండి తోలేవాడి చేతికింద ఏమేముండేవో రాసిపెట్టినవాళ్లు తక్కువ. మన ఎడ్లబండి మీద చూసుకుంటే పగ్గాలు, చెర్నకోల, నోటి అదిలింపు ఉండేవి. తోక దగ్గర చెయ్యి తగిలితే ఎద్దు అడుగు పెరిగేది, పగ్గం బిగిస్తే ఆగేది. అర్ధరాత్రి దారిలో తోలేవాడికి చేతులే కళ్లు. గుర్రబ్బండ్ల కాలంలో డ్యాష్‌బోర్డు అంటే ఉత్త చెక్క. గుర్రం డెక్కలు ఎగజిమ్మే బురద, రాళ్లు పడకుండా తోలేవాడి కాళ్లముందు అడ్డంగా బిగించిన పలక అది. దాని మీద చదవడానికి ఏమీ ఉండేది కాదు.

మోటారు కార్లు వచ్చాక గుర్రం పోయింది కానీ చెక్క పోలేదు. 1901లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ కారుకు ముందువైపు వంపు తిరిగిన ఆ పలక ఉండేది. ఇంజిన్ సీటు కింద ఉన్నా, ఎదుట బురద చిమ్మే గుర్రం లేకపోయినా, పలక వల్లే ఆ కారుకు ‘కర్వ్‌డ్ డ్యాష్’ అని పేరొచ్చింది. మరుసటి ఏడు బెర్లిన్‌లో ఒట్టో షుల్జ్ స్పీడోమీటరుకు పేటెంటు తీసుకున్నాడు. చక్రంతోపాటు తిరిగే అయస్కాంతం, దాన్ని తాకకుండా చుట్టూ ఒక లోహపు గిన్నె, ఆ గిన్నెను వెనక్కి లాగే సన్నని స్ప్రింగు ఉంటాయి. అయస్కాంతం ఎంత జోరుగా తిరిగితే గిన్నె అంత ఎక్కువ పక్కకు ఒరుగుతుంది. దానికి తగిలించిన ముల్లు వేగం చెబుతుంది. ఎలక్ట్రానిక్ మీటర్లు వచ్చేదాకా దశాబ్దాలపాటు కార్లలో, స్కూటర్లలో తిరిగింది ఈ కిటుకే.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ నడపడం ఇవాళ్టి డ్రైవరు వల్ల కాదు. కింద మూడు పెడళ్లు ఉంటాయి కానీ వాటిలో యాక్సిలరేటర్ లేదు. మధ్య పెడల్ తొక్కితే కారు వెనక్కి పోతుంది. పెట్రోలు పెంచే మీట స్టీరింగు కింద కుడివైపు, నిప్పురవ్వను ముందుకో వెనక్కో జరిపే మీట ఎడమవైపు. ట్యాంకులో పెట్రోలు ఎంతుందో తెలియాలంటే సీటు ఎత్తి పుల్ల ముంచి చూడాలి. ఇంజిన్ వేడి తెలిపే థర్మామీటరు ఆ రోజుల్లో చాలా కార్లకు డ్యాష్‌బోర్డు మీద కాకుండా ఎదురుగా రేడియేటర్ మూత మీద ఉండేది. మొత్తానికి నడిపేవాడి చెయ్యి ఎప్పుడూ ఏదో ఒక మీట మీదే ఉండేది.

మా పెదనాన్న అంబాసిడర్‌లో ఈ పాతవాసన చాలాకాలం మిగిలింది. గేరు స్టీరింగు పక్కన ఉండేది. చలికాలం పొద్దున చోక్ గుండీ లాగి పట్టుకునేవాడు. అన్నిటికన్నా నాకిష్టమైంది డిప్పర్. అది చేతికి కాదు, క్లచ్చి పక్కన నేలమీద ఎడమ కాలికి అందేది. ఎదురుగా లారీ వస్తే మడమ కదపకుండా బొటనవేలితో టక్కుమని నొక్కేవాడు. లైట్లు కిందికి వాలేవి. ఆయన కళ్లు రోడ్డు మీంచి కదిలేవి కావు.

ఇక టీటర్ దగ్గరికి వద్దాం.

ఆయన బాబాయి ఒకరు రైలు పట్టాల మీద తొక్కుకుంటూ పోయి పట్టాలు తనిఖీ చేసే సైకిలు లాంటి బండి తయారుచేశారు. దాని చుట్టూ కుటుంబమంతా కార్ఖానా పెట్టుకుంది. ఇనుము, నూనె, లేతు యంత్రం శబ్దం మధ్య పెరిగిన పిల్లవాడు రాల్ఫ్. ఐదేళ్లప్పుడు కత్తి జారి ఒక కంటికి తగిలింది. కొంతకాలానికే రెండో కంటి చూపూ పోయింది. ఇంట్లోవాళ్లు చేసిన పని నాకు ఈ కథలో అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. వాళ్లు అతన్ని కార్ఖానాలోంచి పంపెయ్యలేదు. పనిముట్లు చేతికిచ్చారు, గుడ్డితనం మాట ఎత్తలేదు. పన్నెండేళ్ల వయసులో, 1902లో, దాయాది అన్నదమ్ముడితో కలిసి పాత ఇంజిన్ ఒకటి సంపాదించి, దొరికిన సామానుతో కారు కట్టాడు. అది గంటకు 25 మైళ్లు, అంటే దాదాపు 40 కిలోమీటర్లు పరిగెత్తింది. అప్పటికి పెద్దవాళ్లలోనూ కార్లున్నవాళ్లు తక్కువ.

చూపులేని కుర్రవాణ్ణి ఇంజినీరింగులో చేర్చుకోవడానికి కాలేజీలు జంకాయి. చివరికి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం తలుపు తీసింది. 1912లో మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా చేతికొచ్చింది. డ్రాయింగులు చూడకుండా ఇంజినీరింగ్ ఎలా చదివాడు? ఎవరైనా బొమ్మను మాటల్లో వర్ణిస్తే దాన్ని మనసులో కట్టుకుని, యంత్రాన్ని అన్నివైపుల నుంచీ తిప్పి చూసుకునేవాడట.

మొదటి ప్రపంచ యుద్ధం ఆయనకు పరీక్ష పెట్టింది. న్యూజెర్సీలోని క్యామ్డెన్‌లో ఓడలు కట్టేచోట యుద్ధనౌకల ఆవిరి టర్బైన్లు సరిగా బ్యాలెన్స్ కాక ఇంజినీర్లు సతమతమవుతున్నారు. నిమిషానికి వేలసార్లు తిరిగే ఆ ఇరుసులో బరువు ఒకవైపు కొంచెం తేడాగా ఉన్నా కుదుపు మొదలవుతుంది, బేరింగులు పోతాయి. టీటర్ ఆ కుదుపును చేతి స్పర్శతో పట్టుకున్నాడు. కళ్లున్నవాళ్లు లెక్కల్లో వెతుకుతున్న తేడా ఆయన వేళ్లకు తగిలింది. ఆయన చూపిన పద్ధతిలో ఇరుసులు కుదురుకున్నాయి. యుద్ధం అయ్యాక హేగర్స్‌టౌన్ తిరిగొచ్చాడు. కుటుంబ కార్ఖానా అప్పటికి పిస్టన్ రింగుల తయారీలోకి మళ్లింది, తర్వాత ‘పర్ఫెక్ట్ సర్కిల్’ అని పేరు పెట్టుకుంది. సిలిండరులో పిస్టన్ చుట్టూ ఒదిగి, గ్యాస్ జారిపోకుండా కాపాడే ఆ సన్నని ఉంగరాల నాణ్యత కూడా వేలితో తడిమితే తెలిసేదే. 1936లో అమెరికా ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం ఆయన్ను తన అధ్యక్షుడిగా ఎన్నుకుంది. 1946లో పర్ఫెక్ట్ సర్కిల్ పగ్గాలూ ఆయన చేతికొచ్చాయి.

అంత పెద్దమనిషికి కారులో ఒక చిన్న చిరాకు ఉండేది. ఆయన పేటెంట్ల వకీలు హ్యారీ లిండ్సే కారు నడుపుతూ కబుర్లు చెప్పేవాడు. తను మాట్లాడుతుంటే కారు నెమ్మదించేది, అవతలివాళ్ల మాట వింటుంటే ఊపందుకునేది. పక్క సీటులో కూర్చున్న టీటర్ ఒళ్లు ముందుకూ వెనక్కూ ఊగేది. రోడ్డు, చెట్లు చూస్తూ కూర్చునేవాడికి ఆ ఊపు లెక్కలోకి రాదు. చూపులేని మనిషికి ప్రయాణమంటే ఆ ఊపే. వేగం అనేది ఆయనకు ఒంటికి తెలిసే సంగతి. నా ఉద్దేశంలో క్రూజ్ కంట్రోల్ మరొకరికి తట్టకుండా ఆయనకే తట్టడానికి కారణం ఇదే. పైగా 1942లో, యుద్ధానికి టైర్లూ పెట్రోలూ మిగల్చడానికి అమెరికా దేశమంతా గంటకు 35 మైళ్ల వేగ పరిమితి పెట్టింది. ఒకే వేగం దగ్గర కాలు నిలిపి ఉంచడం ఎంత కష్టమో జనానికి అప్పుడు తెలిసొచ్చింది.

టీటర్ పట్టుకున్న కిటుకుకు మూలం పాతదే. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి తగిలించిన గవర్నర్ అది. తిరుగుతున్న ఇరుసుకు రెండు బరువులు వేలాడుతుంటాయి, వేగం పెరిగితే అవి దూరంగా విచ్చుకుంటాయి, ఆ విచ్చుకోవడమే ఆవిరి దారిని మూస్తుంది. మన పొలాల్లో ఆయిల్ ఇంజిన్ నడిపినవాళ్లకు దీని పని చెవికి తెలుసు. పంపు మీద బరువు పడగానే టకటక చప్పుడు ఒక్క క్షణం కుంగి, మళ్లీ తనంతట తనే పుంజుకుంటుందే, ఆ పుంజుకోవడం గవర్నర్ చలవ. టీటర్ ఆ బరువులను కారు ఇరుసుతో తిరిగేలా పెట్టాడు. ఎంత వేగం కావాలో డ్యాష్‌బోర్డు మీద తిప్పి పెట్టుకోవాలి. కారు ఆ వేగానికి రాగానే గవర్నర్ స్ప్రింగును గెలిచి, వాక్యూమ్ పిస్టన్ చేత యాక్సిలరేటర్‌ను కిందినుంచి తోయిస్తుంది. పాదం కింద పెడల్ బిగిసినట్టవుతుంది. ‘చాలు’ అని కారు కాలికి చెప్పడమన్నమాట. అవసరమైతే గట్టిగా తొక్కి దాటిపోవచ్చు. ముల్లు చూడకుండా పాదంతో వేగం తెలుసుకునే ఏర్పాటు ఇది, ఆయన బతుకంతా తెలుసుకున్న పద్ధతిలోనే. ఆ వేగం దగ్గరే కారును నిలిపి ఉంచే తాళం తర్వాత జతపడింది. బ్రేకు మీద కాలు పడితే తాళం ఊడిపోతుంది.

1950 ఆగస్టు 22న పేటెంటు వచ్చింది. కంట్రోల్‌మాటిక్, టచోమాటిక్, ప్రెసోమాటిక్ అని రకరకాల పేర్లు పెట్టి చూసి, చివరికి స్పీడోస్టాట్ దగ్గర ఆగారు. 1958లో క్రిస్లర్ సంస్థ తన ఖరీదైన కార్లలో ‘ఆటో పైలట్’ పేరుతో దీన్ని పెట్టింది. క్రూజ్ కంట్రోల్ అనే మాట క్యాడిలాక్ వాళ్లది, లోకంలో నిలిచింది అదే. 1973 చమురు సంక్షోభం తర్వాత, పెట్రోలు పొదుపుకు నిలకడైన వేగం మంచిదని అందరూ అంటున్న రోజుల్లో, అది మామూలు కార్లలోకీ దిగింది. టీటర్ 1982 ఫిబ్రవరి 15న కన్నుమూశాడు.

ఆ తర్వాత కథ పాయలు పాయలుగా చీలిపోతుంది. గవర్నర్ బరువుల స్థానంలో చిప్పులు వచ్చాయి. 1995లో జపాన్‌లో మిత్సుబిషి లేజర్‌తో, 1999లో మెర్సిడెస్ రాడార్‌తో, ముందుపోయే బండికి ఎడం పాటిస్తూ వేగాన్ని సర్దుకునే క్రూజ్ తెచ్చాయి. ఇంకోపక్క 1986లో, వానలో తడుస్తూ పెట్రోలు మూత ఏవైపు ఉందో తెలియక ఇబ్బంది పడ్డ ఫోర్డ్ ఉద్యోగి జిమ్ మొయ్‌లన్, మీటరులోని పంపు బొమ్మ పక్కన చిన్న బాణం పెడదామని ఆఫీసుకు చీటీ రాశాడు. ఇవాళ మీ కారులోనూ ఆ బాణం ఉండొచ్చు. అది చూపినవైపే మూత. డ్యాష్‌బోర్డు మీది దీపాల రంగులకూ లోకమంతా ఒక ఒప్పందం కుదిరింది. ఎరుపు వెలిగితే ప్రమాదం, నూనెడబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపెయ్యాలి. పసుపైతే త్వరగా మెకానిక్‌కు చూపించాలి. ఆకుపచ్చ, నీలం ఫలానాది పనిచేస్తోందని చెప్పడానికే. మన దేశంలో 2019 జూలై నుంచి తయారైన కార్లు 80 దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆగకుండా కూస్తాయి.

అమెరికా వెళ్లిన మనవాళ్లు చాలామందికి క్రూజ్ అక్కడి ఇంటర్‌స్టేట్ రోడ్ల మీదే పరిచయం. ఇక్కడ 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక దానికి తగిన చోటు దొరికింది. ముందు క్రూజ్ బటన్ నొక్కాలి, కావలసిన వేగానికి చేరాక ‘సెట్’ నొక్కి కాలు తియ్యాలి. ప్లస్, మైనస్‌తో కొద్దికొద్దిగా మార్చుకోవచ్చు. బ్రేకు తగిలితే రద్దవుతుంది, ‘రెస్’ నొక్కితే పాత వేగం తిరిగొస్తుంది. కానీ రాడార్ లేని క్రూజ్‌కు ఎదుటి లారీ కనిపించదు, ఈ మాట మరిచిపోవద్దు. వానలో అసలే వద్దు. నీళ్ల మీద టైరు పట్టు తప్పినప్పుడు వేగం తగ్గించాల్సిన క్షణంలో అది పట్టుబట్టి నడిపిస్తుంది. ఘాట్ రోడ్డులో, ఊళ్ల మధ్య, కునుకు వస్తున్నప్పుడు దాని జోలికి పోకండి. పాదం బ్రేకుకు దగ్గరగానే ఉండాలి.

నన్ను బాధపెట్టేది ఇంకొకటుంది. వేళ్లకు తెలిసే మీటలన్నీ ఒక్కొక్కటే నున్నటి అద్దంలోకి మాయమవుతున్నాయి. 1986లో బ్యూక్ రివియెరా కారులో మొదటి టచ్ తెర వచ్చినప్పుడు అది వింత. ఇప్పుడు గాలి మరల్చాలన్నా, అద్దం మీది ఆవిరి పోగొట్టాలన్నా కొన్ని కార్లలో తెరలో వెతకాలి. వెతికినంతసేపూ కళ్లు రోడ్డు మీద ఉండవు. యూరప్‌లో కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ దీన్ని గట్టిగా పట్టించుకుంది. 2026 జనవరి నుంచి ఇండికేటర్, హజార్డ్ దీపాలు, హారను, వైపరు, అత్యవసర పిలుపు – ఈ అయిదింటికీ చేతికి తగిలే స్విచ్చి లేని కారుకు అయిదు నక్షత్రాలు అందడం కష్టం.

పోయిన ఆదివారం మా కొత్త కారును ఇంటిముందు నిలిపి, ఇంజిన్ ఆపి, కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఎడమచేతికి వైపరు దొరికింది, కుడిచేతికి ఇండికేటర్. బొటనవేలు కదిపితే క్రూజ్ బటన్ గరుకుగా తగిలింది. హజార్డ్ స్విచ్చి కోసం కొంచెం తడిమాను, అదీ దొరికింది. ఏసీ కోసం చెయ్యి చాచాను. వేళ్లకింద అటునుంచి ఇటుదాకా చల్లటి అద్దమే.