గీతకు ముందు నమూనా: కృష్ణా డెల్టాలో యంత్రపని విద్య, డ్రాయింగు

విజయవాడ ఆటోనగర్‌లోని లేతు షాపులకు పని సాధారణంగా డ్రాయింగు రూపంలో రాదు. విరిగిన ముక్కగానో, అరిగిన ఇరుసుగానో వస్తుంది. లారీ యజమానో, రైసుమిల్లు మేస్త్రీయో దానిని బల్లమీద పెట్టి ‘ఇలాంటిదే కావాలి’ అంటాడు. మిస్త్రీ దానిని తిప్పి చూసి, వెర్నియర్‌తో నాలుగుచోట్ల కొలిచి, సుద్దముక్కతో రెండు మూడు అంకెలు వేసుకొని పని మొదలుపెడతాడు. కాగితం అవసరం పడదు.

కంప్యూటరు సాయంతో యంత్రభాగాలను రూపకల్పన చేసే పద్ధతి, అంటే క్యాడ్, ఈ ప్రాంతానికి రావడాన్ని కొత్త పరికరం ప్రవేశించిన ఘట్టంగా చెప్పడం వాడుక. అయితే డెల్టాలో యంత్రపని నేర్చుకున్న తీరును దీర్ఘకాలిక దృష్టితో పరిశీలిస్తే, కంప్యూటరుకన్నా డ్రాయింగు చరిత్రే ముఖ్యమని తోస్తుంది. డ్రాయింగు ఎవరి అధీనంలో ఉండేది, ఎవరు అది లేకుండానే పని సాగించారు అనే ప్రశ్నకు సమాధానం దొరికితేనే క్యాడ్ తెచ్చిన మార్పు పరిమాణం తెలుస్తుంది.

కొలిమి నుంచి ఆనకట్ట దాకా

నమూనాతో పనిచేసే పద్ధతి లేతుకన్నా పాతది. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా తొడిగే కమ్మరి, పట్టా చుట్టుకొలతను చక్రం చుట్టుకొలతకన్నా కొద్దిగా తక్కువగా ఉంచి, కాల్చి వ్యాకోచింపజేసి తొడిగి, నీళ్లు పోసి బిగిస్తాడు. నేటి మెషిన్ డ్రాయింగు పాఠ్యపుస్తకాలలో ‘ఇంటర్‌ఫియరెన్స్ ఫిట్’ అన్న శీర్షిక కింద కనిపించేది ఇదే సూత్రం. ఎంత తక్కువ ఉంచాలన్నది అంకెలలో లేదు; కొలిమి దగ్గర పెరిగినవాడి అంచనాలో ఉంది.

డ్రాయింగు ఈ ప్రాంతానికి ప్రభుత్వంతో వచ్చింది. 1852లో మొదలై 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట, దాని వెంట వచ్చిన కాలువలు, లాకులు, 1893లో కృష్ణపై తెరుచుకున్న రైలు వంతెన అన్నీ కాగితంమీద ముందుగా గీసి, ఆపైన కట్టినవి. వీటిని నిర్మించి, కాపాడిన ప్రజాపనుల శాఖలోనూ రైల్వేలోనూ డ్రాయింగు గీసేవాడు ఒక ఉద్యోగి, దానిని చదివి లోహాన్ని చెక్కేవాడు మరొక ఉద్యోగి. 1952లో పాత ఆనకట్టకు గండి పడిన తరువాత కట్టి, 1957లో పూర్తిచేసిన ప్రకాశం బ్యారేజీలోనూ ఇదే విభజన కొనసాగింది. 2024 సెప్టెంబరు వరదలో కొట్టుకువచ్చిన పడవలు బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లను దెబ్బతీసినప్పుడు, అరవై ఏళ్లు దాటిన అమరికకు సరిపోయేలా కొత్తవి చేసి బిగించవలసి వచ్చింది. పాత యంత్రాంగాన్ని నడపాలంటే దాని కొలతలు ఎక్కడో ఒకచోట, కాగితంలోనో మనిషి జ్ఞాపకంలోనో, మిగిలి ఉండాలి.

బందరు ప్రయత్నాలు

ఈ విభజనను దాటే ప్రయత్నాలు లేకపోలేదు. 1910లో మచిలీపట్నంలో ఆరంభమైన ఆంధ్ర జాతీయ కళాశాల చదువునూ చేతిపనినీ ఒకే ప్రాంగణంలో చేర్చాలనుకుంది. కొపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ఈ ఆలోచన వెనుక ఉన్నవారు. ఈ సంస్థను సాధారణంగా జాతీయోద్యమ చరిత్రలో భాగంగానే చదువుతారు. సాంకేతిక విద్యా చరిత్రలో దానికి దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదు.

అదే పట్టణంలో 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ మొదలైంది. శాస్త్రీయ పరికరాల తయారీ దాని వృత్తి. ఇటువంటి పరికరంలో మర చుట్టు కొద్దిగా వదులైనా కొలత తప్పుతుంది. కనుక ‘దాదాపు సరిపోయింది’ అన్న మాట ఇక్కడ చెల్లదు. ఒక భాగం మరొక భాగంలో ఎంత వదులుతో కూర్చోవాలో ముందే నిర్ణయించుకోక తప్పదు. 1983లో ఈ సంస్థ భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. ఓడరేవు ప్రాభవం తగ్గిన పట్టణంలో ఇంత సూక్ష్మమైన పని అర్ధశతాబ్దానికి పైగా నిలబడటం చిన్న విషయం కాదు.

డెల్టా పెట్టుబడి మాత్రం భారీ యంత్రపనికోసం వేరే దారి పట్టింది. 1941లో ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీతో నిలదొక్కుకున్న కె.సి.పి. సంస్థ 1955లో భారీ ఇంజనీరింగు కర్మాగారాన్ని మద్రాసు శివారు తిరువొత్తియూరులో నెలకొల్పింది. చెరకు ఇక్కడిది, చెరకు మిల్లుల యంత్రాలు గీసి తయారుచేసే చోటు అక్కడిది.

ఆటోనగర్ లెక్క

బెజవాడకు మిగిలింది మరమ్మతు. అయితే మరమ్మతును తక్కువగా చూడనవసరం లేదు. లారీ ఇంజను సిలిండరు అరిగితే దానిని బోరు చేసి పెద్ద పిస్టను వేస్తారు. క్రాంక్‌షాఫ్టు జర్నల్ అరిగితే గ్రైండు చేసి, ఆ మేరకు మందమైన బేరింగు వేస్తారు. ఈ బేరింగులు 0.25, 0.50, 0.75 మిల్లీమీటర్ల వంటి నిర్ణీత మెట్లలోనే దొరుకుతాయి. అంటే మిస్త్రీ తన ఇష్టం వచ్చినంత తీయడానికి వీలులేదు. అంగుళంలో ఎనిమిదో వంతును ‘నూలు’ అని లెక్కించిన చోట, మిల్లీమీటరులో వందో వంతు పట్టింపు ఈ విడిభాగాల డబ్బాలతో పాటు వచ్చి చేరింది. ఈ షాపుల్లో కొలతకు క్రమశిక్షణ నేర్పిన గురువు డ్రాయింగుకన్నా విడిభాగాల జాబితాయే అనవచ్చు.

పనిలో చేరిన కుర్రవాడు మొదట ఇనుప తురుము ఊడుస్తాడు. తరువాత పనిముట్లు అందిస్తాడు, ఆపైన టూలు నూరడం నేర్చుకుంటాడు. లేతు హ్యాండిలు చేతికి రావడానికి చాలాకాలం పడుతుంది. ఆ లోగా చెవి తయారవుతుంది: టూలు మొద్దుబారిందా, ముక్క వణుకుతోందా అన్నది శబ్దంతోనే తెలుస్తుంది.

ప్రభుత్వ శిక్షణ మరో దారి వేసింది. 1950లో ప్రారంభమైన వృత్తి శిక్షణ పథకం కింద వచ్చిన ఐ.టి.ఐ.లలో టర్నరు ఒక ట్రేడు, మెకానికల్ డ్రాఫ్ట్స్‌మన్ వేరొక ట్రేడు. టర్నరుకూ కొంత డ్రాయింగు చెబుతారు, నిజమే. అయినా గీసేవాడినీ చెక్కేవాడినీ వేరుచేసిన పాత కచేరీ విభజన ధ్రువపత్రాలలోకి కూడా ఎక్కింది. 1977లో కానూరులో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల వచ్చాక ఆటోనగర్‌కు కూతవేటు దూరంలోనే డిగ్రీ స్థాయి మెకానికల్ ఇంజనీరింగు అందుబాటులోకి వచ్చింది. దూరం తగ్గినంత వేగంగా రాకపోకలు పెరిగాయని మాత్రం చెప్పలేం.

తెరమీది గీత, అరిగిన ముక్క

ప్రపంచంలో సంఖ్యలతో నడిచే యంత్రం 1952లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ప్రదర్శితమైంది. తెరమీద గీసే ‘స్కెచ్‌ప్యాడ్’ను ఐవన్ సదర్లాండ్ అదే సంస్థలో 1963లో సమర్పించాడు. 1982లో ఆటోక్యాడ్ రావడంతో డ్రాయింగు బల్ల సాధారణ కంప్యూటరులోకి దిగింది. 1988 నాటి ప్రో ఇంజనీర్‌తో మరో మెట్టు మారింది: ఒక కొలత మారిస్తే దానిమీద ఆధారపడిన ఆకారమంతా మారుతుంది. గీసినదే సి.ఎన్.సి. యంత్రానికి ఆజ్ఞల మూలమైంది. గీసేవాడికీ చెక్కేవాడికీ మధ్య ఉన్న గోడ, కనీసం సిద్ధాంతరీత్యా, కూలిపోయింది.

ఆచరణలో గోడ వేరేచోట లేచింది. కొత్తగా క్యాడ్ నేర్చిన విద్యార్థి లోపలి మూలను సూటిగా తొంభై డిగ్రీల అంచుతో గీస్తాడు. గుండ్రంగా తిరిగే కట్టరు ఆ మూలలో తన వ్యాసార్ధాన్ని వదిలిపెట్టక తప్పదు. ప్రతి కొలతకూ ఒకే కఠినమైన టాలరెన్సు రాస్తాడు; దానితో అవసరంలేని చోట కూడా ఖర్చు పెరుగుతుంది. తెరమీద ఏ ఆకారమైనా ఒకే సులువుతో వస్తుంది గనుక ఈ పొరపాట్లు అతనికి కనబడవు. వాటిని చూపేది యంత్రం దగ్గర నిలబడ్డవాడు.

అసలు చిక్కు అరిగిన ముక్కతో వస్తుంది. నమూనాను కొలిచి క్యాడ్‌లో యథాతథంగా గీస్తే అరుగుదల కూడా కొత్త భాగంలోకి వచ్చిపడుతుంది. అనుభవజ్ఞుడైన మిస్త్రీ ఇరుసుమీద బేరింగు తిరిగిన చోటును నమ్మడు. ఒరిపిడి తగలని అంచు దగ్గర కొలుస్తాడు. ఆ కొలతకు దగ్గరలో ఏ బేరింగు సైజు ఉందో చూసి, అసలు వ్యాసం ఎంత ఉండి ఉంటుందో తేలుస్తాడు. మరొక విధంగా చెబితే, ఎన్నడో ఎక్కడో గీసి ఇక్కడికి చేరని డ్రాయింగును అతడు లోహంలోంచి తిరిగి రాబడుతున్నాడు. డ్రాయింగు లేకుండా పనిచేశాడన్న మాట ఇక్కడ సవరించుకోవలసి ఉంటుంది.

చరిత్రకారుడికి ఇబ్బంది కూడా ఇక్కడే. ప్రజాపనుల శాఖ గీతలు కాగితంమీద ఉన్నాయి; మిస్త్రీ నిర్ధారణ సుద్దగీతగా మొదలై సాయంత్రానికి చెరిగిపోతుంది. షాపుల బిల్లు పుస్తకాలలో ‘షాఫ్టు టర్నింగ్’ అన్న మాటా, కూలి మొత్తమూ ఉంటే ఉండవచ్చు. ఏ అంచు దగ్గర ఎందుకు కొలిచాడన్నది వాటిలో ఉండదు. స్కానరుతో ముక్క ఆకారాన్ని క్షణాల్లో తెరమీదికి తెచ్చే ఈ రోజుల్లోనూ, ఆ ఆకారంలో ఏది రూపకర్త ఉద్దేశమో, ఏది పదేళ్ల లారీ తిరుగుడు చేసిన పనో విడదీయడానికి ఎవరో ఒకరు ముక్కను చేతిలోకి తీసుకొని, గోటితో దాని అంచును తడిమి చూడవలసే వస్తోంది.