విల్లీ పెప్: చేతికి చిక్కని చాంపియన్

విల్లీ పెప్ (1922–2006) అమెరికాకు చెందిన ప్రొఫెషనల్ బాక్సర్, ఫెదర్‌వెయిట్ ప్రపంచ చాంపియన్. 1940 నుంచి 1966 దాకా 241 పోటీల్లో బరిలోకి దిగి 229 గెలిచాడు. 11 ఓడాడు, ఒకటి డ్రా అయింది. ఇన్ని గెలుపుల్లో నాకౌట్లు 65 మాత్రమే. ఈ లెక్క చూసి అతని పంచ్‌లో పస తక్కువనుకునేవాళ్లు ఉన్నారు. అసలు సంగతి వేరు. ఎదుటివాణ్ని పడగొట్టడం కన్నా, ఎదుటివాడి దెబ్బ తనకు తగలకుండా చూసుకోవడమే పెప్ నేర్చిన విద్య. రాత్రిళ్లు చిత్తడి నేలల మీద మిణుకుమని, దగ్గరికి పోతే మాయమయ్యే కొరివి దయ్యానికి ఇంగ్లీషులో ఉన్న పేరునే అతనికి బిరుదుగా తగిలించారు. అది అతనికి అతికినట్టు సరిపోయింది.

ఫెదర్‌వెయిట్ అంటే 126 పౌండ్ల లోపు, అంటే సుమారు 57 కిలోలు. మన నిజామాబాద్ బాక్సర్ మహమ్మద్ హుసాముద్దీన్ 2023లో తాష్కెంట్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం గెలిచింది ఈ 57 కిలోల విభాగంలోనే. ఒక్క గుద్దుతో ఆట ముగించేంత కండ ఈ బరువులో అందరికీ ఉండదు. కాళ్ల వేగం, కంటిచూపు, ఒడుపు ఉన్నవాడు మాత్రం చెలరేగిపోతాడు.

పెప్ అసలు పేరు గుల్యెల్మో పాపలెయో. సిసిలీ నుంచి వలస వచ్చిన కుటుంబం వాళ్లది. కనెక్టికట్ రాష్ట్రంలోని మిడిల్‌టౌన్‌లో 1922 సెప్టెంబరు 19న పుట్టి, పక్కనున్న హార్ట్‌ఫర్డ్‌లో పెరిగాడు. చిన్నప్పుడు వీధుల్లో బూట్లు పాలిష్ చేసేవాడు. బేరాలు బాగా తగిలే చోటు కోసం పిల్లల మధ్య తన్నులాటలు జరిగేవి. అతని ముష్టియుద్ధానికి ఓనమాలు పడింది అక్కడే. 1938లో, ఇంకా అమెచ్యూర్‌గా ఉన్నప్పుడు, రే రాబర్ట్స్ అనే పేరుతో వచ్చిన ఓ కుర్రాడి చేతిలో ఓడిపోయాడు. తనకంటే బాగా బరువున్న ఆ కుర్రాడే తర్వాత షుగర్ రే రాబిన్సన్‌గా లోకానికి తెలిశాడు.

1940లో ప్రొఫెషనల్ అయ్యాడు. మేనేజర్ లూ విస్కూసీ, శిక్షకుడు బిల్ గోర్. ఇద్దరిలో గోర్ పాత్ర ఎక్కువని చెప్పాలి. వెనక్కి పారిపోవడం తప్పించుకోవడం కాదని, పక్కకు జరగాలని, జరిగిన చోటి నుంచే కొట్టాలని కుర్రాడి ఒంటికి పట్టించినవాడు ఆయనే. 1942 నవంబరు 20న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో చాకీ రైట్‌ను 15 రౌండ్లలో పాయింట్ల మీద ఓడించి పెప్ ఫెదర్‌వెయిట్ కిరీటం అందుకున్నాడు. అప్పటికి అతని వయసు 20 ఏళ్లు. వరసగా 62 గెలిచాక, 1943 మార్చిలో లైట్‌వెయిట్ మాజీ చాంపియన్ శామీ యాంగట్ చేతిలో మొదటిసారి ఓడాడు. ఆ తర్వాత మరో 73 పోటీల్లో ఓటమే లేదు. 72 గెలుపులు, ఒక డ్రా. యుద్ధకాలంలో కొన్నాళ్లు నౌకాదళంలో, కొన్నాళ్లు సైన్యంలో పనిచేస్తూనే ఈ పరుగు సాగించాడు. 1946 జూన్‌లో శాల్ బార్టొలోను 12వ రౌండులో నాకౌట్ చేశాక, రెండుగా చీలి ఉన్న చాంపియన్ హోదా మొత్తం అతనిదైంది.

అదే ఏడాది జూలైలో మినియాపొలిస్‌లో జాకీ గ్రేవ్స్‌తో జరిగిన పోటీ చుట్టూ ఓ కథ అల్లుకుంది. మూడో రౌండులో పెప్ ఒక్క పంచ్ కూడా విసరకుండా, కేవలం తప్పుకుంటూ ఆ రౌండు గెలిచాడని చెబుతారు. మర్నాటి పత్రికల వర్ణనలు మాత్రం ఈ కథతో కలవవు. ఆ రౌండులో పెప్ బాగానే కొట్టాడని వాటిలో ఉంది. కథ నిజం కాకపోవచ్చు. కానీ అలాంటి కథ ఒక్క పెప్ మీదే ఎందుకు పుట్టిందో అతని ఫిల్మ్ చూసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది.

1947 జనవరి 5న మయామీ నుంచి తిరిగి వస్తుండగా అతని విమానం న్యూజెర్సీలోని మిల్‌విల్ దగ్గర కూలిపోయింది. కొందరు చనిపోయారు. పెప్ వెన్నుపూసలు చిట్లాయి, కాలు విరిగింది. నెలల తరబడి ఒళ్లంతా పిండికట్టుతో మంచం మీదున్న మనిషి ఇక నడిస్తే చాలనుకున్నారు. ఆ జూన్‌లోనే బరిలోకి వచ్చి గెలిచాడు.

అయితే అతని అసలు పరీక్ష శాండీ శాడ్లర్. శాడ్లర్ పెప్ కంటే మూడు అంగుళాల పైన పొడుగు, చేతులు బారెడు, మొత్తం మీద 103 నాకౌట్లు చేసినవాడు. 1948 అక్టోబరు 29న నాలుగో రౌండులోనే పెప్‌ను నేల కూల్చి కిరీటం లాక్కున్నాడు. పెప్ నాకౌట్ కావడం అదే మొదటిసారి. విమాన ప్రమాదంతో అతని పని అయిపోయిందన్న మాట అప్పుడు గట్టిగానే వినిపించింది.

1949 ఫిబ్రవరి 11న జరిగిన రెండో పోరు పెప్ జీవితంలో శిఖరం. 62 గెలుపుల వరస కన్నా ఈ ఒక్క రాత్రే అతని గొప్పతనానికి గట్టి సాక్ష్యం. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 19 వేలకు పైగా జనం. గంట మోగగానే పెప్ ఎడమచేత్తో చిటుక్కున ముఖం మీద తాకించడం, శాడ్లర్ బదులివ్వబోయేసరికి అక్కడ లేకపోవడం మొదలైంది. తాళ్ల దగ్గర చిక్కాడనుకున్న క్షణంలో ప్రత్యర్థి మోచేతిని తట్టి సగం తిప్పేసి, తాను పక్కనుంచి మధ్యకు వచ్చేసేవాడు. శాడ్లర్ తాళ్లను చూస్తూ నిలబడేవాడు. చివరి రౌండ్లలో శాడ్లర్ దెబ్బలూ బలంగానే తగిలాయి. పెప్ కళ్ల చుట్టూ చర్మం చిట్లి నెత్తురు కారింది, కుట్లు పడ్డాయి. అయినా 15 రౌండ్లూ నిలబడ్డాడు. నిర్ణేతలు ముగ్గురూ అతనికే ఓటేశారు. 'రింగ్' పత్రిక దాన్ని ఆ సంవత్సరపు ఉత్తమ పోటీగా ఎంపిక చేసింది.

ఆ కిరీటాన్ని మూడుసార్లు కాపాడుకున్నాడు. నాలుగోసారి, 1950 సెప్టెంబరు 8న యాంకీ స్టేడియంలో మళ్లీ శాడ్లర్‌తోనే తలపడి, పాయింట్లలో ముందుండి కూడా భుజం కీలు జారడంతో ఏడో రౌండు తర్వాత కుర్చీ మీంచి లేవలేకపోయాడు. 1951 సెప్టెంబరులో పోలో గ్రౌండ్స్‌లో ఇద్దరి మధ్య జరిగిన నాలుగో పోరును ముష్టియుద్ధం అనడం కష్టం. మెడలు నొక్కుకోవడం, కాళ్లు తట్టుకోవడం, బొటనవేళ్లతో కళ్లు పొడవడం. విడదీయబోయిన రెఫరీ కూడా వాళ్లతో పాటు కింద పడ్డాడు. కంటి గాయంతో పెప్ తొమ్మిదో రౌండు తర్వాత ఆపేశాడు. న్యూయార్క్ అధికారులు ఇద్దరినీ శిక్షించారు. అతని కెరీర్‌లో ఇది చూడతగని ఘట్టం. 1954లో లూలూ పెరెజ్ చేతిలో రెండో రౌండులోనే ఓడిన పోటీ మీద కూడా అనుమానాలు వచ్చాయి. ముందే కుదుర్చుకున్నదని ఒక పత్రిక చాలా ఏళ్ల తర్వాత రాస్తే, పెప్ పరువునష్టం దావా వేసి ఓడిపోయాడు.

1958లో నైజీరియాకు చెందిన అప్పటి చాంపియన్ హోగన్ బాసీతో, కిరీటం పణంగా లేని పోటీలో, పాయింట్లలో ముందుండి తొమ్మిదో రౌండులో నాకౌటయ్యాడు. మరుసటేడు విరమించుకున్నాడు. 1965లో నలభై రెండేళ్ల వయసులో మళ్లీ బరిలోకి వచ్చి తొమ్మిది పోటీలు గెలిచాడు. 1966 మార్చిలో ఆఖరి పోటీ ఓడాడు. తర్వాత రెఫరీగా, కనెక్టికట్ బాక్సింగ్ శాఖ ఉద్యోగిగా పనిచేశాడు.

దెబ్బ తప్పించుకోవడంలో అంతటి నేర్పరి కూడా ముసలితనంలో మతిమరుపు వ్యాధి బారిన పడ్డాడు. 2006 నవంబరు 23న కనెక్టికట్‌లోని రాకీ హిల్‌లో, 84 ఏళ్ల వయసులో చనిపోయాడు. అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ 1990లో చేర్చుకున్న మొట్టమొదటి బృందంలో పెప్ పేరుంది. శాండీ శాడ్లర్ పేరూ అదే జాబితాలో ఉంది.