ఆకుపచ్చ గీత – ఒక ఇల్లాలి ముఖచిత్రం

కావ్యనాయిక వదనాన్ని కవి చంద్రబింబమన్నా, పద్మమన్నా మనం ఆక్షేపించము. అది పోలిక కాదు, భావన అని ఎరుగుదుము. ఒక చిత్రకారుడు రంగులతో అటువంటి స్వేచ్ఛనే తీసుకొన్నప్పుడు మాత్రం లోకం పరిహసించింది. ఆయన ఫ్రాన్సు దేశీయుడైన హెన్రీ మాతీస్.

1905 వేసవిలో ఆయన కొలియూర్ అనే సముద్రతీర గ్రామంలో మిత్రుడు ఆంద్రె దెరేన్‌తో కలిసి చిత్రరచన సాగించాడు. ఆ శరత్తులో పారిస్ నగరపు సలోన్ దోతోన్ ప్రదర్శనలో 'టోపీ ధరించిన స్త్రీ' అనే చిత్రం ఉంచాడు. అందులోని స్త్రీ ఆయన భార్య అమేలీ. చూపరులు నవ్వారు. లూయీ వోసెల్ అనే విమర్శకుడు ఈ బృందాన్ని క్రూరమృగాలతో పోల్చాడు. ఆ నిందావాచకమే 'ఫోవిజం' అన్న పేరై నిలిచింది.

అదే ఏట మాతీస్ అమేలీని మరల చిత్రించాడు. నేడు కోపెన్‌హాగెన్‌లో ఉన్న ఆ చిత్రం పొడవు నలభై సెంటీమీటర్లే. నుదుటి నుండి నాసిక మీదుగా ఒక ఆకుపచ్చ గీత కిందికి దిగుతుంది. దానికి ఒకవైపు చెక్కిలి పసుపు ఛాయ, మరొకవైపు గులాబీ ఛాయ. పూర్వచిత్రకారులు గోధుమ రంగు నీడలతో సాధించిన ఉబ్బెత్తును ఇక్కడ రంగుల తారతమ్యమే సాధిస్తుంది. పరస్పర విరుద్ధ వర్ణాలు పక్కపక్కన నిలిస్తే రెండూ మరింత ప్రకాశిస్తాయని షెవ్రోల్ అనే రసాయనవేత్త 1839లోనే గ్రంథస్థం చేశాడు. మన అలంకారికుల మాటలో ఇది విరోధాభాసం: పైకి వైరం, లోన పొందిక. ఆకృతి కూడా సరళమే. కొప్పు ఒక నల్లని ముద్ద, మెడ ఒక స్తంభం, ముఖం దాదాపు ఒక ముఖకవచం.

ఇంతకూ ఆ గీత ఇల్లాలికి అవమానమా? అమేలీ 1899లో టోపీల దుకాణం తెరచి సంసారాన్ని నిలబెట్టిన మనిషి. 1902లో బయటపడిన అంబేర్ కుంభకోణంలో, ఆ ఇంట కొలువు చేసిన పాపానికి ఆమె తల్లిదండ్రులు లోకనిందకు గురయ్యారు. తండ్రి చెరసాల చూసి, పిదప నిర్దోషిగా బయటపడ్డాడు. అంతటి కష్టాన్ని భరించిన ముఖమది. చిత్రంలో ఆమె తల వంచలేదు, చిరునవ్వుతో ప్రాధేయపడలేదు. ఆ గీత ముఖాన్ని చీల్చలేదు, వెన్నెముకవలె నిలబెట్టింది.

పోలికను వెదకిన కన్నులకు అక్కడ వికారమే కనబడింది. కాసేపు ఓర్పుతో చూచినవారికి ఒక ధీర కనబడుతుంది.