మల్కాపుర శాసనమునందలి ఆరోగ్యశాల

గుంటూరు మండలమునఁ గృష్ణకు దక్షిణపు దరిని మందడమను గ్రామము కలదు. దాని చేరువనే మల్కాపురమున నొక శిలాస్తంభము నిలిచియున్నది. దానిమీఁది శాసనము శాలివాహన శకము 1183, దుర్మతి సంవత్సరము, అనఁగాఁ గ్రీస్తుశకము 1261 నాఁటిది. దానమనఁగా గోదానము, భూదానము, అన్నదానము అని మనము చెప్పుకొందుము. రోగికి మందును, బాలెంతకుఁ బథ్యమును సైతము దానములే యని యెంచి, వానికిఁ బొలము కేటాయించిన తీరు ఈ ఱాతిమీఁదఁ గానవచ్చును.

కాకతి గణపతిదేవుఁడు తన గురువగు గోళకీమఠపు విశ్వేశ్వర శివాచార్యునకు మందర గ్రామము నొసఁగెదనని మాట యిచ్చియుండెను. ఆ మాటను గూఁతురు రుద్రమదేవి చెల్లించినది. చెల్లించుటయే కాక వెలగపూడిని సైతము ధారవోసినది. అది నెమ్మది కాలము కాదు. తండ్రి వృద్ధుఁడు, సింహాసనమునకుఁ గ్రొత్తగా వచ్చినది స్త్రీ. పిదప కొలఁది యేండ్లకే దేవగిరి యాదవరాజు మహాదేవుఁడు దండెత్తి వచ్చెను. ఇట్టి వేళ నేలికలకు సేన తప్ప వేఱొండు తోఁపదు.

ఆచార్యుఁడు ఆ గ్రామములను దన భోగమునకై యుంచుకొనలేదు. బ్రాహ్మణులకును బనివారలకును ఇచ్చినది పోఁగా మిగిలిన భూమిని మూఁడు పాళ్లు చేసెను. ఒకటి దేవునకు. ఒకటి మఠమునకును విద్యార్థులకును. మూఁడవది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రమునకు. ప్రసూతిశాలను వేఱుగాఁ బేర్కొనుట నాకు మిక్కిలి ముచ్చట గొల్పును. కానుపు రోగము కాదు గదా! వేదములు చెప్పు ఉపాధ్యాయులతోపాటు ఒక వైద్యునికిని, లెక్కలు వ్రాయు కాయస్థునికిని జీవనము కల్పింపఁబడినది. లెక్క వ్రాయువాఁడు లేని ధర్మసత్రములు ఎన్ని మూఁతపడలేదు!

రొక్కమిచ్చు దాత మనసు మాఱవచ్చును, బొక్కసము వట్టిపోవచ్చును. పొలము మీఁదఁ గట్టిన ధర్మమున కా భయము తక్కువ. రాణి యుద్ధమునకుఁ దరలినను వైద్యుని యింటికి గింజలు చేరును. అయినను ఇందొక చిక్కు లేకపోలేదు. పైరెండిన యేఁటనే రోగులు పెరుగుదురు, ఆ యేఁటనే మూఁడవ పాలును దఱుగును. అప్పుడు శాసనమొక్కటియే చాలదు. గాదెలో గింజ మిగిలినవాఁడు తలుపు తీయవలసినదే.

అన్నసత్రమున మాత్రము ఎల్ల కులములవారికిని ఎల్ల వేళలను అన్నము పెట్టవలెనని శాసనము విధించినది. ఏడువందల యేండ్లకుఁ బూర్వమే యీ మాట ఱాతికెక్కినదని నేఁటి పిల్లలకుఁ జెప్పినచో ఆశ్చర్యపడుదురు.

కాకతీయ రాజ్యము 1323లో నంతరించెను. రుద్రమ ధారవోసిన ఆ వెలగపూడిలోనే 2016లో రాష్ట్ర సచివాలయము నెలకొన్నది. పనులమీఁద నచ్చటికిఁ బోవువారు ఒక పూట వెచ్చించి మల్కాపురపు స్తంభమును సైతము చూచి రావచ్చును.