అర్జీ ఎవరి చేతికి తిరిగి వచ్చింది?

మన గ్రామాల చరిత్రకు రెండు రకాల కాగితాలు ఆధారం. ఒకటి కరణం రాసినది. రెండవది కరణం మీద రాసినది. మొదటిదానిని మనవాళ్ళు శ్రద్ధగా భద్రపరిచారు. కల్నల్ మెకంజీ సేకరణలోని గ్రామ కైఫీయతులలో చాలా భాగం కరణాల కవిలెల ఆధారంగా తయారయినవే. గుడి మాన్యం ఎంత, చెరువు తవ్వించిన ప్రభువు ఎవరు, ఏ దొర ఎవరికి ఏ అగ్రహారం ఇచ్చాడు - ఇదంతా వాటిలో దొరుకుతుంది. ఆ చెరువు నీరు ఎవరి చేనికి అందలేదో మాత్రం దొరకదు. అది తెలియాలంటే రెండవ రకం కాగితాన్ని, అనగా అర్జీని, వెతకాలి. తెలుగు ఎం.ఏ. చదివిన రోజులలో నేను మొదటి రకాన్ని గురించే విన్నాను. సాహిత్య చరిత్రకారులు అర్జీని వచన రచనగా లెక్కించిన జాడ నా చదువులో కనిపించలేదు.

మాటలనే ముందు చూద్దాం. 'మొర' మన మాట. 'విన్నపం' సంస్కృతంలోని 'విజ్ఞాపన' నుంచి నలిగి వచ్చింది. అర్జీ, దరఖాస్తు, ఫిర్యాదు - యివి నవాబుల కచేరీల ద్వారా మనకు వచ్చిన మాటలు. వీటిలో 'ఫిర్యాదు' అసలు అర్థం సాయం కోసం వేసే కేక. ఆ కేకకు కోర్టు ఫీజు బిళ్ళ అంటించి, తర్జుమా చేయించి, తారీఖు వేయించి, ఫైలులో పెట్టింది ఇంగ్లీషు ప్రభుత్వం. రైతు నోట్లో కేకగా పుట్టింది, కచేరీ గుమ్మం దాటేసరికి 'తమ విధేయుడు' అయిపోయింది.

ఇంతకూ ఆ అర్జీ రాసేది ఎవరు? ఊళ్లో కలం పట్టగలిగిన వాళ్ళు బహు కొద్దిమంది. వారిలో కరణం ఒకడు, కాకపోతే కరణానికి కావలసినవాడు. కరణాన్ని కాదని బతకడం ఎంత కష్టమో సుమతీ శతకకారుడు ఒకటికి మించి పద్యాలలో హెచ్చరించాడు. కరణీకం కేవలం ఉద్యోగం కాదు, ఆస్తి. 1802 నాటి మద్రాసు రెగ్యులేషను కరణాల విధులను నిర్ణయించింది. 1816 రెగ్యులేషన్లు గ్రామ మునసబుకు చిన్న దావాలు తీర్చే అధికారమూ, పోలీసు అధికారమూ కట్టబెట్టాయి. 1895 చట్టం వారసత్వపు గ్రామోద్యోగాలకు పక్కా రూపం ఇచ్చింది. శిస్తు వసూలు చేసేవాడూ, దొంగను పట్టేవాడూ, తగవు తీర్చేవాడూ ఒకే చావడిలో కూర్చున్నారు. మాలపల్లె మనిషి ఆ చావడి అరుగు ఎక్కే వీలు కూడా లేదు. దూరాన నిలబడి చెప్పుకోవాలి. అతని గోడు కాగితం మీదికి రావడానికి ముందే సగం గాలికి పోయేది.

ఈ పరిస్థితిని దొరతనం వారి నోటనే చెప్పించిన సందర్భం ఒకటి ఉన్నది. మద్రాసులో వ్యాపారి, తెలుగువాడు అయిన గాజుల లక్ష్మీనరసుసెట్టి 'క్రెసెంట్' పత్రికనూ, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌నూ నడిపించాడు. శిస్తు కోసం రైతులను హింసించే పద్ధతిని ఇంగ్లండు పార్లమెంటు దాకా తీసుకువెళ్ళిన కృషి ఆయనది. పార్లమెంటు సభ్యుడు డాన్బీ సైమూర్ స్వయంగా ఇక్కడికి వచ్చి చూసి వెళ్ళాడు. 1854లో కామన్స్ సభలో గొడవ జరిగిన మీదట మద్రాసు ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని నియమించింది. 1855లో నివేదిక వచ్చింది. వేళ్ళను చెక్కల మధ్య పెట్టి నొక్కే కిట్టి, మనిషిని వంచి తాడుతో కట్టి ఎండలో నిలబెట్టడం, యిలాంటివన్నీ శిస్తు వసూలులో మామూలు తంతు అని ఆ సంఘమే ఒప్పుకున్నది. దాని ముందుకు 1,959 ఫిర్యాదులు వచ్చాయి. వాటిలో స్వయంగా వచ్చి చెప్పుకున్నవి 519, తక్కినవి ఉత్తరాలు.

హింస జరిగిందన్న సంగతి కంటె, దానిమీద ఫిర్యాదు ఎందుకు పనిచేయలేదన్న వివరణ నాకు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. కలెక్టరు దగ్గరకు నడిచి వెళ్ళవలసిన దూరం ఒకటి. అక్కడ పడిగాపులు పడితే అయ్యే ఖర్చు, పోయే పని రోజులు మరొకటి. అధికారిని శిక్షించడానికి చట్టంలో ఉన్న దారి బలహీనమైనది కావడం ఇంకొకటి. వీటన్నిటిని మించినది వేరే ఉంది. ఉత్తరం రాసుకుంటే కలెక్టరు దాని వీపున ఒక ముక్క రాసి తహసీలుదారుకే పంపుతాడు. ఎవరి మీద ఫిర్యాదో, ఎవరి కింది బంట్రోతు కొట్టాడో, వాడి చేతికే అర్జీ తిరిగి చేరుతుంది! కార్ల్ మార్క్స్ 1857 సెప్టెంబరులో న్యూయార్క్ డెయిలీ ట్రిబ్యూన్‌లో భారతదేశపు హింసలను గురించి రాసినప్పుడు ఈ కారణాలనే ఏరి చూపించాడు. తిరుగుబాటుదారుల క్రౌర్యాన్ని గురించి లండను పత్రికలు గగ్గోలు పెడుతున్న కాలం అది. ఆయన ప్రభుత్వ నివేదికనే తెరచి వారి ముందు పెట్టాడు.

అర్జీ విఫలమైతే జనం ఏం చేస్తారు? చీరాల-పేరాల కథ అందరూ ఎరిగినదే, అయినా దాన్ని మనం వీరగాథగానే చెప్పుకుంటున్నాం. దాని మొదలు వీధి సమస్యలో ఉన్నది. నాటి గుంటూరు జిల్లాలోని ఆ ఊళ్ళు యూనియనుగా ఉన్నప్పుడు పన్ను ఏడాదికి సుమారు 4,000 రూపాయలు. 1919లో మునిసిపాలిటీ చేయగానే అది దాదాపు 40,000 అయింది. మగ్గం మీద బతికే నేతపనివాళ్ళు ఎక్కువగా ఉన్న ఊరు. వాళ్ళు మొట్టమొదట చేసింది అర్జీలు పెట్టుకోవడమే. వినలేదు. కౌన్సిలర్లు రాజీనామా చేశారు. ప్రభుత్వం జీతగాణ్ణి తెచ్చి పెట్టి మునిసిపాలిటీని నడిపింది. పన్ను కట్టనివాళ్ళు జైలుకు వెళ్ళారు. 1921 ఏప్రిల్‌లో గాంధీ వచ్చి చెప్పిన రెండు దారులలో, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఊరు విడిచే దారిని ఎన్నుకున్నాడు. సుమారు 15,000 మందిలో 13,000 దాకా పురపాలక హద్దు దాటి రామనగరంలో పాకలు వేసుకున్నారు. పదకొండు నెలలు ఎండకూ వానకూ ఓర్చారు. గోపాలకృష్ణయ్య జైలు పాలయ్యాడు, డబ్బు కరువయింది, జనం తిరిగి ఇళ్ళకు చేరారు. మునిసిపాలిటీ మిగిలింది. అప్పటికి స్థానిక స్వపరిపాలన శాఖ తెలుగువాడైన పానుగంటి రాజా చేతిలోనే ఉన్నదని మరువరాదు. అధికారి మనవాడైనంత మాత్రాన అర్జీ నడక మారలేదు.

నైజాములో దారి ఇంకొకటి. అక్కడ పటేలు, పట్వారీ, పైన దేశ్‌ముఖు. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిన నాటి ధోరణి విన్నపాలదీ, తీర్మానాలదీ. పదహారేళ్ళు తిరిగేసరికి, 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు కూలాడు. ఆ తరువాత ఊళ్ళలో గ్రామరాజ్య కమిటీలు ఏర్పడ్డాయి. వెట్టి మీద ఎవరికి చెప్పుకోవాలని జనం అడగడం మానుకున్నారు, వెట్టినే ఆపారు. రెండు మెట్లనూ కలిపి చదవాలి. పదహారేళ్ళ విన్నపాలు వృథా అనే తొందర మన మిత్రులలో కొందరికి ఉంది, నేను ఒప్పుకోను. విన్నపం రాసిన చేతికే దాని నిరుపయోగం ముందుగా తెలుస్తుంది.

వారసత్వపు గ్రామోద్యోగాలను 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రద్దు చేసింది. కరణం పోయాడు, మరుసటి ఏడు మండలాలు వచ్చాయి. ఊరి లెక్కలు మాత్రం చాలాకాలం కరణం మెదడులోనే ఉండిపోయాయి, పొలం గట్టు తగవు వస్తే పాత కరణాన్ని వెతుక్కుంటూ పోయిన రైతులు ఎందరో. 1993లో అమలుకు వచ్చిన డెబ్భై మూడవ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో చోటిచ్చింది. 2005 సమాచార హక్కు చట్టం, నా అర్జీ ఎక్కడున్నదని అడిగే హక్కు ఇచ్చింది.

వీటిలో నేను అన్నిటికంటె పెద్ద మలుపుగా ఎంచేది 2006లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల మీద మొదలైన సామాజిక తనిఖీ. అధికారి రాసిన మస్టరు రోలును కూలీల మధ్య, వారి ఎదుట, గట్టిగా చదివారు. కవిలె మొదటిసారి వీధిలోకి వచ్చిందనాలి. చచ్చిపోయినవాళ్ళ పేరున కూలి పడినట్టు బయటపడింది. ఎన్నడూ పనికి పోని మనుషులు పని చేసినట్టు తేలింది. పేరు చదవగానే "వాడు పోయి మూడేళ్ళయింది" అని ముసలమ్మ లేచి చెప్పగలిగితే ఆ మాటకు కోర్టు ఫీజు బిళ్ళ అక్కర లేదు, రాసిపెట్టే మనిషీ అక్కర లేదు. అయితే తేలిన సొమ్ములో తిరిగి వసూలయినది కొద్ది భాగమే. వసూలు చేయవలసిన పని మళ్ళీ అధికారులకే అప్పగించారు.